పదిహేడో బ్లాకు పచ్చదనం

ఆకాశంలో మబ్బు పడితే లోకమంతా తలెత్తి చూసి సంబరపడుతుంది. కరువు పరిశీలన కార్యాలయం మూడో అంతస్తులో కూర్చున్న పటాలమ్మ మాత్రం కిటికీలోంచి చూసి, "దరిద్రపు మబ్బు, ఇవాళే దాపురించాలా?" అని విసుక్కునేది. ఆవిడ బాధ ఆవిడది. పైనుంచి పోయే ఉపగ్రహం కింద నేలని ఫొటో తీయాలంటే మధ్యలో మబ్బు అడ్డం రాకూడదు. వచ్చిందా, పటంలో అక్కడ బూడిదరంగు పులమాలి, పులిమినందుకు పైవాళ్ళకి సంజాయిషీ రాసుకోవాలి. చినుకు పడనన్నాళ్ళూ ఆఫీసు పని హాయిగా సాగిపోయేది. వాన మొహం చూడని ఆ రెండేళ్ళూ మరీ హాయిగా సాగింది. ఒక్క పటం కూడా ఆలస్యం కాలేదని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళుగా పటాలు తప్ప మరో పని ఎరగదు కాబట్టి ప్యూను మొదలు డైరెక్టరు దాకా వెనకాల పటాలమ్మ అనీ, ఎదురుగా మేడమ్ అనీ అనేవారు. చేరిన కొత్తలో పటమంటే కాగితం మీద గీసి రంగులు వేసేది. ఇప్పుడంతా కంప్యూటరు. ప్రతి పదిరోజులకీ ఉపగ్రహం బొమ్మ వస్తుంది. అందులో నేలంతా చిన్న చిన్న చదరపు గడులుగా ఉంటుంది, ఒక్కో గడి పదిహేను ఎకరాలు. ఏ గడిలో ఎంత ఆకు ఉందో కంప్యూటరు లెక్క కడుతుంది. నిండా ఆకుంటే ముదురు పచ్చ, తగ్గితే లేత పచ్చ, ఇంకా తగ్గితే పసుపు, బోసి నేలయితే ఎరుపు. కొన్ని ఊళ్ళ నేల కలిపితే ఒక బ్లాకు. ఎర్రబడ్డ బ్లాకుని కరువు బ్లాకుగా ప్రకటిస్తారు. ప్రకటించిన చోటికి పశువుల మేత లారీలూ నీళ్ళ ట్యాంకర్లూ వెళతాయి. పచ్చగా ఉన్న చోటికి ఏమీ వెళ్ళవు. పచ్చగా ఉన్నవాళ్ళకి ఇంకేం కావాలి గనక!

ఈ పనిలో ఆవిడ నిప్పులాంటి మనిషి. ఎంత పెద్ద నాయకుడు ఫోన్ చేసి "మావైపు కాస్త ఎరుపు వెయ్యండమ్మా" అన్నా వెయ్యలేదు. ఒక్క గడి రంగు కూడా చేత్తో మార్చిన పాపాన పోలేదు.

నేల తనిఖీ ఫారం కూడా ఆవిడ తయారుచేసిందే. పటం మీద ఎవరికైనా అనుమానం వస్తే ఆఫీసు మనిషి స్వయంగా వెళ్ళి, కంప్యూటరు చెప్పిన మూడు చోట్లా చూసి, ఆ ఫారం నింపాలి. పాత ఫారంలో అడుగున రిమార్కులు అని నాలుగు గీతలుండేవి. వెళ్ళినవాళ్ళు ఆ నాలుగు గీతల్లో కవిత్వం రాసేవారు. 'రైతు కంట కన్నీరు చూసితిని' అని ఒకాయన, 'దారిలో కుక్క తరిమినందున మూడో చోటు చూడలేదు' అని ఇంకొకాయన. ఒక మహానుభావుడైతే తన బదిలీ అర్జీ మొత్తం అందులోనే ఇరికించాడు. కన్నీటికి ఏ రంగు వెయ్యాలో కంప్యూటరుకి తెలియదు కదా. పటాలమ్మ ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ నాలుగు గీతలూ తీసి అవతల పారేసింది. ఆకు ఉందా, లేదా? రంగు పచ్చా, పసుపా, గోధుమా? టిక్కు పెట్టు, సంతకం పెట్టు, ఇంటికి పో. ఆ దెబ్బతో తనిఖీ ఉద్యోగికి పెద్దగా పని లేకుండా పోయింది. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టే అక్కర్లేదని ఒక నోటు వెళ్ళింది. ఎవరు రాశారో చెప్పనక్కర్లేదు.

ఇంకో ఘనకార్యం గోడమీద ఇత్తడి రేకు రూపంలో వేలాడుతోంది. పద్దెనిమిదేళ్ళ కిందట పదిహేడో బ్లాకు పటంలో ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండేది. అది చూడలేక 'ఇక్కడ పచ్చదనం పెంచాలి' అని ఆవిడ ఒక నోటు రాసింది. పైవాళ్ళు విమానంలోంచి విత్తనాలు చల్లించారు. నీళ్ళు పోయక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, రాయిమీద పడ్డా మొలిచే రకం. పదేళ్ళు తిరిగేసరికి పటంలో పదిహేడు ముదురు పచ్చకి తిరిగింది. సభ పెట్టి, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, 'ఎడారిని వనం చేసిన పటం' అని చెక్కిన రేకు చేతిలో పెట్టారు. ఆ వనం ఎలా ఉంటుందో ఆవిడ చూడలేదు. దుమ్ము పడదు, ఎండలో తిరిగితే తలనొప్పి. ఇంట్లో కిటికీ దగ్గర కుండీలో ఉన్న ఒక్కగానొక్క మొక్క కూడా ప్లాస్టిక్‌దే.

విచిత్రమేమిటంటే ఆవిడ సొంత అక్క ఉండేది ఆ పదిహేడో బ్లాకులోనే. తను పదిహేడులో ఉన్నానని అక్కకి తెలియదు, ఆ అంకె ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. బావ పోయాక పదకొండు ఆవుల్ని పెట్టుకుని, పాలు పోసి, ఒంటి చేత్తో బతుకు ఈడ్చుకొస్తోంది. చెల్లెలు అక్కడికి వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. అక్కే ఏడాదికోసారి బస్సెక్కి వచ్చి, రెండ్రోజులుండి, చెల్లెలి వంటకి వంకలు పెట్టి వెళ్ళేది. వచ్చినప్పుడల్లా ముళ్ళు ముళ్ళు అని ఏదో గోల పెట్టేది. పల్లెటూళ్ళో ముళ్ళు కాక పూలుంటాయా అని చెల్లెలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది.

ఒక ఉదయం అక్క ఆఫీసుకే ఫోన్ చేసింది.

"ఏమే, పనిలో ఉన్నావా?"

"చెప్పక్కా."

"చెప్పడానికేముంది, రెండేళ్ళుగా చుక్క లేదు. ఏటికి అవతలి ఊళ్ళలో మేత లారీలు దిగుతున్నాయి. మాకెందుకు రావట్లేదంటే ఏదో పటం అంటున్నారు. పటం అంటే నువ్వేగా?"

"నేను కాదక్కా, శాటిలైటు."

"అయితే దానికి చెప్పవే."

"అది వినదక్కా. చూస్తుందంతే."

"చూస్తే ఇంకేం? మా ఆవుల డొక్కలు అంత పైనుంచి కూడా లెక్కపెట్టొచ్చు." అక్క నవ్వబోయి ఆగిపోయింది. "ఇదిగో, హాస్యానికి కాదు. పదకొండులో రెండు పోయాయి. తొమ్మిది మిగిలాయి. ఈ నెలాఖరుకి మేత రాకపోతే కబేళా బేరగాడు వస్తానన్నాడు. వాడికి తోలెయ్యడం తప్ప నాకు ఇంకో దారి లేదు. చచ్చేదాకా కళ్ళముందు పెట్టుకుని చూడలేను."

చిన్నప్పుడు పటాలమ్మని చంకనేసుకుని తిప్పిన మనిషి ఎప్పుడూ ఏదీ అడగలేదు. చెల్లెలు గబగబా కొత్త పటం తెరిచింది. పదిహేడో బ్లాకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ముదురు పచ్చ. చుట్టుపక్కల బ్లాకులన్నీ పసుపూ ఎరుపూ, మధ్యలో పదిహేడు మాత్రం నిగనిగలాడుతోంది.

"అక్కా, మీకు పచ్చగానే ఉందే!" అంది ఆవిడ, పాపం, శుభవార్త చెబుతున్నట్టే.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మూడోరోజు సాయంత్రం భర్త ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎప్పుడొచ్చిందో రాసే పని. రాని బస్సుల్ని కూడా టైముకి వచ్చినట్టు రాసి రాసి, లోకంలో దేనికీ ఆశ్చర్యపోని మనిషి. ఆయన కూడా ఆ సంచిని వాకిట్లో దించి, నెత్తురు కారుతున్న వేలు నోట్లో పెట్టుకుని ఆశ్చర్యపోయాడు.

"మీ అక్క డ్రైవరుకిచ్చి పంపింది. లోపలేముందో గానీ పట్టుకుంటే కరుస్తోంది."

విప్పి చూస్తే కొమ్మలు. వేలెడంత ముళ్ళు, మధ్యన సన్నసన్నని ఆకులు, కడిగినట్టు పచ్చగా. వాటిమీద ఒక కాగితం ముక్క, అక్క రాత: 'ఇదిగో నీ పచ్చదనం. వండుకు తిను.'

"ఇది సర్కారు తుమ్మ కదూ?" అన్నాడు భర్త. "మా డిపో వెనకాల కూడా మొలిచింది. నరికితే నాలుగింతలవుతుంది. పశువు మూతి పెట్టదు."

"పేరు సర్కారు తుమ్మ ఎందుకైంది?"

"సర్కారే విమానంలోంచి చల్లించిందట. ఎవడో మేధావి సలహా ఇచ్చుంటాడు."

పటాలమ్మ లోపలికెళ్ళి అయొడిన్ సీసా తెచ్చి ఆయన వేలికి రాసింది. ఆ కొమ్మని ఆవిడ అప్పుడే మొదటిసారి చేత్తో పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఉపగ్రహం చూసి మురిసిపోయిందీ, తనకి ఇత్తడి రేకు తెచ్చిపెట్టిందీ ఆ ఆకే. వాన లేకపోయినా దాని వేరు పాతాళం దాకా దిగి నీళ్ళు తాగేస్తుంది. నేల ఎండేకొద్దీ, జనం పొలాలు వదిలేసేకొద్దీ అది పరుచుకుంటుంది. అంటే అక్కడ కరువు ముదిరేకొద్దీ పటం పచ్చబడుతుంది.

మర్నాడు డైరెక్టరు గదికి వెళ్ళి చెప్పింది. ఆయన ఆవిడకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాదస్థుడు, ఏ మాటైనా చిరునవ్వుతోనే కాదంటాడు.

"పటం అబద్ధం చెబుతోందంటారా మేడమ్?"

"అబద్ధం కాదు సార్. పచ్చగా ఉన్నమాట నిజమే. కానీ అది తినే పచ్చ కాదు."

"తినే పచ్చ, తినని పచ్చ అని మన దగ్గర రెండు రంగులు లేవు కదా. పటం మీద అనుమానం ఉంటే నేల తనిఖీ అని రూలు పెట్టింది మీరే. వెళ్ళి రండి. జీపు తీసుకోండి."

తనిఖీ ఉద్యోగి పోస్టు లేదు కాబట్టి ఆవిడే వెళ్ళింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తలనొప్పి మాత్రలు సంచిలో వేసుకుని, నాలుగు ఫారాలు పట్టుకుని జీపెక్కింది. మూడు చోట్లకి మూడు, పాడైతే ఇంకొకటి. ముందుచూపు గల మనిషి.

అక్క రోడ్డు పక్కనే నిలబడి ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి. పలకరింపులేం లేవు. జీపెక్కి డ్రైవరు పక్కన కూర్చుని "పద" అంది.

మొదటి చోటు ఒకప్పటి మేత బీడు. జీపు రెండొందల గజాల ఇవతలే ఆగిపోయింది, ముందుకి దారి లేదు. తలెత్తి నిలబడ్డ ముళ్ళ గోడ. ఆవు కాదు గదా, కుందేలు కూడా దూరలేదు. నేలమీద గడ్డిపరక లేదు, పచ్చదనమంతా పైన తల ఎత్తున వేలాడుతోంది. పటాలమ్మ ఫారం తీసింది. ఆకు ఉందా, లేదా? చుట్టూ చూసింది. ఉంది, ఇబ్బడిముబ్బడిగా ఉంది. రంగు? ఇంతకన్నా పచ్చ ఇంకెక్కడుంటుంది? కలం పట్టుకుని ఫారం కింద నుంచి పైకి, పై నుంచి కిందకి వెతికింది.

"ఏం వెతుకుతున్నావ్?" అంది అక్క.

"రాయడానికి చోటు లేదక్కా."

"కాగితం అంత తెల్లగా ఉంటేనూ? అంచుమీద రాయి. మేత లేదని రాయి. రెండు ముక్కలేగా."

"అంచుమీద రాస్తే కంప్యూటరు తీసుకోదు. ఫారం చెల్లదు."

"ఏ బుద్ధిలేనిది తయారుచేసిందే ఈ ఫారం?"

పటాలమ్మ తల వంచుకుంది. అక్కకి అర్థమైంది. తిట్టలేదు. అదే పెద్ద దెబ్బ.

ఆకు లేదని టిక్కు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరు వచ్చి చూస్తారు? ఆవిడ చెయ్యి మాత్రం కదల్లేదు. ఇరవై ఆరేళ్ళ నిప్పు ఒక్క గీతతో ఆరిపోతుందని కాదు, ఉన్నదాన్ని లేదని రాయడం చేతకాక. ఉంది అని టిక్కు పెట్టింది. రెండో చోట చెరువు అడుగు. చెరువులో నీళ్ళకి బదులు ముళ్ళ చెట్లు, గట్టు దాకా. ఉంది, పచ్చ. మూడో చోట ఎవరిదో వదిలేసిన ఇల్లు, కిటికీలోంచి కొమ్మలు బయటికి వచ్చాయి. ఉంది, పచ్చ. ప్రతి టిక్కూ అక్క ఆవిడ భుజం మీంచి చూసింది.

"నిజమే రాశావులే," అంది చివరికి. "తప్పేం లేదు. పద, మంచినీళ్ళు తాగి వెళుదువుగాని."

అక్క ఇంటి వెనక పాకలో తొమ్మిది ఆవులూ నిలబడి ఉన్నాయి. లెక్కపెట్టాలంటే డొక్కలు నిజంగానే లెక్కపెట్టొచ్చు. ఒక ముసలి ఆవుకి దవడ ఒక పక్కకి వాలిపోయి నోట్లోంచి చొంగ కారుతోంది.

"దీనికేమైంది?"

"ఆకు ముట్టవు గానీ ఆకలికి ఆ చెట్టు కాయలు తిన్నాయి. అదే పనిగా తింటే దవడ ఇలా పడిపోతుంది. ఇక నెమరు వెయ్యలేదు." అక్క దాని మెడ నిమిరింది. "నువ్వు పట్నం వెళ్ళిన ఏడాది పుట్టిన ఆవు ఉండేది చూడు, దాని మనవరాలు."

పటాలమ్మ అక్కడే తిరగేసిన గంప మీద కూర్చుని ఏడ్చేసింది. సిగ్గుతో ఏడ్చింది, కోపంతో ఏడ్చింది, ఆ కోపం ఎవరిమీదో తేల్చుకోలేక ఇంకాస్త ఏడ్చింది. అక్క ఊరుకోబెట్టలేదు. చెల్లెలి ఏడుపు అయ్యేదాకా ఆగి, వేరే మాట అడిగింది.

"ఇంతకీ ఆ కన్ను దేన్ని చూస్తుందే? ఆకుని చూస్తుందా, మేతని చూస్తుందా?"

"ఆకునే."

"ఆకు లేకపోతే?"

"ఎర్రగా కనబడుతుంది."

"ఎంత మేర లేకపోతే?"

పటాలమ్మ ముక్కు తుడుచుకుంది. ఇది ఆఫీసు రహస్యం. పటం ఎక్కడ ఎలా మారితే ఏమవుతుందో లబ్ధి పొందేవాళ్ళకి చెబితే ఉద్యోగం ఊడుతుంది, ఆ రూలు మాత్రం ఆవిడ పెట్టింది కాదు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ముసలి ఆవు ఆవిడ సంచి వాసన చూసింది.

"పక్కపక్కనే ఉన్న నలభై గడులు ఒకే పటంలో ఎర్రబడితే చాలు," అంది. "బ్లాకు మొత్తానికీ దానంతటదే హెచ్చరిక మోగుతుంది. కమిటీ కూడా అక్కర్లేదు."

"ఆ నలభై ఎక్కడున్నాయో నాకేం తెలుసు?"

మిగిలిపోయిన నాలుగో ఫారం ఉండనే ఉంది. దాని ముందువైపు రాయడానికి చోటు లేదు గానీ వెనకవైపంతా ఖాళీ. పటాలమ్మ దాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి చేత్తో పటం గీసింది. చెరువు, బీడు, వాగు, వాటిమీద నలభై గడులు. ఏ గట్టు దగ్గర మొదలై ఏ రాయి దగ్గర ఆగుతాయో గుర్తులు పెట్టింది. చెయ్యి తిరిగిన పని, రేఖ ఎక్కడా వణకలేదు.

తర్వాతి కథ ఆవిడకి ఫోన్‌లోనే తెలిసింది. ఏడూళ్ళ జనం గొడ్డళ్ళూ గునపాలూ పట్టుకుని దిగారు. ఉత్తినే నరికితే మళ్ళీ చిగురిస్తుందని వేళ్ళతో సహా పెకలించారు. బొగ్గులు కాల్చేవాళ్ళు బళ్ళతో వచ్చి మొద్దులు ఎత్తుకెళ్ళారు. పదిహేడు రోజులు చేతులూ కాళ్ళూ గీరుకుపోయేలా కొట్టారు. రోజూ సాయంత్రం అక్క ఫోన్ చేసి "ఇవాళ్టికి ఇరవై రెండు," "ఇవాళ్టికి ముప్పై ఒకటి" అని చెప్పేది. గడి అనే మాట ఆ ఊళ్ళో పసిపిల్లల నోట కూడా వినబడేదట.

ఉపగ్రహం మీదుగా పోయే రోజు వచ్చింది. బేరగాడు రావడానికి ఇంకా ఐదు రోజులు. ఉదయం తొమ్మిదింటికి అక్క ఫోన్.

"ఏమే, మబ్బు పట్టింది!"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటే, నెత్తిమీద! రెండేళ్ళకి మొదటి మబ్బు. నల్లగా ఉంది. జనమంతా బయటికొచ్చి నిలబడ్డారు. ఏం చెయ్యమంటావ్, ఉండమనాలా, పొమ్మనాలా?"

మబ్బుంటే పటంలో బూడిదరంగు, హెచ్చరిక మోగదు, బేరగాడు వస్తాడు. మబ్బు కురిస్తే మంచిదే, కానీ కురిసిన నేలలో గడ్డి లేవడానికి మూడు వారాలైనా పడుతుంది, ఆవులకి అన్నాళ్ళ ఆయుష్షు లేదు. కురవకుండా ఊరికే వేలాడితే రెంటికీ చెడ్డట్టే. పటాలమ్మ ఇరవై ఆరేళ్ళు మబ్బుని తిట్టింది గానీ ఇలా వణుకుతూ ఎన్నడూ తిట్టలేదు.

"ఎటు వెళుతోందక్కా?"

"కదలట్లేదు." కాసేపటికి మళ్ళీ: "మా పక్కింటి పెద్దాయన ఉన్నాడు చూడు, వానకోసం మొక్కని దేవుడు లేడు. ఆయనే ఇప్పుడు కర్ర ఊపుతున్నాడే, పో పో అని. కోళ్ళని తోలినట్టు."

పదింటికి మబ్బు చుక్క రాల్చకుండా తూర్పుకి జరిగిపోయింది. ఊరంతా ఊపిరి పీల్చుకుందట. ఊపిరి పీల్చుకున్నాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక ఇళ్ళలోకి వెళ్ళిపోయారట. పదీ ఇరవైకి ఉపగ్రహం దాటిపోయింది.

మర్నాడు పటం వచ్చింది. ముదురు పచ్చ మధ్యలో నలభై గడులు మిరపపండులా ఎర్రగా. హెచ్చరిక మోగింది. డైరెక్టరు చిరునవ్వు కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మొన్ననే కదా మీరు చూసొచ్చింది, పచ్చగా ఉందని టిక్కు కూడా పెట్టారు! ఇంతలోనే ఇంత కరువా?"

"కరువు అంతే సార్, చెప్పి రాదు," అంది పటాలమ్మ.

మధ్యాహ్నానికి పదిహేడో బ్లాకు కరువు బ్లాకు అయింది. మూడోరోజుకి మేత లారీలు దిగాయి. బేరగాడు వచ్చి, పాకలో తొమ్మిది ఆవులూ తలలు వంచుకుని తింటుంటే చూసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. దవడ పోయిన ముసలిదానికి అక్క మేతని సన్నగా తరిగి, నానబెట్టి, చేత్తో తినిపించింది. రెండేళ్ళలో ఆ ఊళ్ళో ఎవరైనా నేల బాగుకోసం ఏదైనా చేశారంటే ఆ పదిహేడు రోజులే చేశారు. ఆ పని పూర్తయిన మర్నాడే దాన్ని సర్వనాశనంగా ప్రకటించింది పటం. పటాలమ్మ చేతి నుంచి వెళ్ళిన పటాలన్నిట్లోకీ ఎక్కువ పుణ్యం చేసిన పటం అదే.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. రెండు నెలల తర్వాత డైరెక్టరు ఒక ఫైలు తెచ్చాడు.

"శుభవార్త మేడమ్. పదిహేడో బ్లాకులో పచ్చదనం పోయిందని పైవాళ్ళు చాలా బాధపడ్డారు. ఆ నలభై గడుల్లో మళ్ళీ విత్తనాలు చల్లించడానికి ఒప్పుకున్నారు. విమానం కూడా మాట్లాడేశారు. పదిహేడు మీ బిడ్డలాంటిది కదా, మీ సంతకం ఉంటే బాగుంటుంది."

"ఏ విత్తనాలు సార్?"

"అవే. పోయినసారి అంత బాగా పనిచేసినవి ఉండగా వేరేవి ఎందుకు?"

పటాలమ్మ చాలా చెప్పింది. ముళ్ళ గురించి, గడ్డి గురించి, దవడ గురించి, కొత్తగా పడ్డ వానకి ఆ నలభై గడుల్లో అప్పుడే లేస్తున్న గరిక గురించి. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఇవన్నీ కాగితం మీద ఉంటే నేనే పంపుదును మేడమ్. నోటిమాట ఎలా పంపను? పటం ఎర్రగా ఉంది, మీ ఫారంలో కరువుకి ముందు పచ్చగా ఉంది. పచ్చ పోయి ఎరుపు వచ్చింది, విత్తనం వెయ్యాలి. ఇంకో కారణం ఎక్కడ రాసుంది?"

ఎక్కడా రాసిలేదు. రాసే చోటే లేదు. ఆవిడ తన గదికి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇత్తడి రేకుని కాసేపు చూసింది. తర్వాత కంప్యూటరులో నేల తనిఖీ ఫారం తెరిచి, అడుగున నాలుగు గీతలు గీసింది. పైన రిమార్కులు అని టైపు చేసింది. ఒక కాపీ తీసి కలంతో నింపింది: 'ఈ నలభై గడుల్లో కరువు వల్ల ఆకు పోలేదు. జనం నరికారు. ఎక్కడ నరకాలో గీసి ఇచ్చింది నేను. అక్కడ పచ్చదనం ఉండేది, మేత ఉండేది కాదు. విత్తనాలు చల్లవద్దు.' సంతకం పెట్టి, ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టి పంపింది. ఇంటికి వెళ్ళి భర్తకి చెబితే ఆయన "ఇరవై ఆరేళ్ళు టైముకి నడిచిన బస్సువి, చివరి స్టాపు ముందు పల్టీ కొట్టావు" అన్నాడు. అని, ఆ పూట వంట ఆయనే చేశాడు.

విచారణ వేశారు. విచారణ తేలేదాకా ఆ భూమిలో విత్తనం పడరాదని ఉత్తర్వు వచ్చింది. విమానం వెనక్కి పోయింది. విచారణాధికారి నెమ్మదైన మనిషి. ఒప్పుకోలు ఒక్కటే చాలదు, గీసి ఇచ్చిన కాగితం సాక్ష్యంగా కావాలి అన్నాడు. పటాలమ్మని వెంటబెట్టుకుని అక్క ఇంటికే వచ్చాడు.

ఆ కాగితం ట్రంకుపెట్టె అడుగున, బావ ఫొటో కింద మడిచి ఉంది. 'నీ చేతి గీత కదా, పారెయ్యబుద్ధి కాలేదు' అని అక్కే అంతకుముందు ఫోన్‌లో చెల్లెలికి చెప్పింది.

"గడులు గీసిన ఫారం ఒకటి మీ దగ్గర ఉందటమ్మా, ఇప్పించండి," అన్నాడు అధికారి.

"ఉండేదండీ," అంది అక్క, పాలచెంబు కడుగుతూ. "ఆవు తినేసింది."

"ఆవు తినేసిందా? ఏ ఆవు?"

"అదిగో, దవడ వాలిన ఆవు."

"ఆవు కాగితం ఎందుకు తింటుందమ్మా?"

"అప్పుడు మేత లేదు కదండీ."

అధికారి ఆవుని చూశాడు. ఆవు కూడా ఆయన చేతిలోని ఫైలుని చాలా శ్రద్ధగా చూసింది. ఆయన ఫైలుని రెండో చేతికి మార్చుకుని పటాలమ్మ వైపు తిరిగాడు.

"మీరు నిజాయితీపరులని అందరూ చెబుతారు. మీరు చెప్పండి. ఇది నమ్మొచ్చా?"

అక్క తలెత్తలేదు. చెంబు ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా కడుగుతూనే ఉంది. అబద్ధం పటాలమ్మకి ఈ వయసులో కూడా చేతకాదు.

"ఆకలేస్తే ఆవులు కాగితం కూడా తింటాయండీ," అంది. "ఆ చెట్టు ఆకు మాత్రం తినవు."

అధికారి గంప మీద కూర్చుని ఫైలులోంచి నేల తనిఖీ ఫారం తీశాడు. అది కొత్త ఫారం, అడుగున నాలుగు గీతలున్నాయి. ఆవిడ అన్న రెండు మాటలూ అన్నవి అన్నట్టుగా ఆ గీతల్లో రాసుకుని, కింద ఆవిడ చేత సంతకం పెట్టించాడు.